పశువుల టీకాల డబ్బాలు

కూర్చో నాయనా. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. లేయాంద్రో గురించా? అమ్మో, వాడి గురించి అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారా ఈ రొసారియోలో! ట్రాములో టిక్కెట్లు కొట్టేవాడు, ఇంట్లో చూస్తే మంచం కింద, వంటింట్లో, అన్నిచోట్లా సినిమా రీళ్ళే. పేరున్న సినిమాలనుకునేవు, కాదు. కబేళా పేటలో గతిలేనివాళ్ళు తీసినవి, వారం ఆడి చచ్చినవి. బొమ్మంతా గీతలు, పెదవి ఒకచోట, మాట ఒకచోట. నేను ముప్పయ్యేళ్ళు హాల్లో బొమ్మ వేసినవాణ్ణి కదా, "ఏం చూస్తావురా ఈ చెత్త?" అనేవాణ్ణి. "ఒరే కసిమీరో, పెద్ద సినిమాలో కసాయివాడి గోళ్ళు చూశావా, పెళ్ళికొడుకు గోళ్ళలా ఉంటాయి. ఇందులో వాడు నిజం కసాయిరా. నటుణ్ణి పెట్టే స్తోమత లేక వాణ్ణే నిలబెట్టారు. కబేళాలో అరిగిపోయిన మన నాన్నల చేతులు ఇంకెక్కడ కనిపిస్తాయిరా?" అనేవాడు.

మీ రీళ్ళ పిచ్చోళ్ళున్నారే, అంతా ఒక తానులో గుడ్డలే! ఒకడి దగ్గరున్నది ఇంకొకడికి తెలియకూడదు. వీడు మరీనూ. అరుదైన బొమ్మ దొరికిందా, డబ్బా మీద పేరు చెరిపేసి 'పశువులకు టీకాలు వేయు విధానము' అని రాసేవాడట. వచ్చినవాడు చూసి మొహం తిప్పుకోవాలిగా! ప్రాణస్నేహితుణ్ణి, నాతో కూడా చెప్పలేదు చూడు.

ఓ రోజు గుండె ఆగి పోయాడు. వాడి భార్య ఎర్మెలిందా వచ్చి, "అన్నయ్యగారూ, ఇవి అంటుకుంటే ఇల్లే బూడిద. ఏవి ఉంచాలో మీరే చూడండి" అంది. నాకంటే తెలిసినవాడెవడు? డబ్బాలు తెరవను కూడా లేదు, పేర్లు చదువుకుంటూ చకచకా వేరుచేశాను. పనికిరానివన్నీ దువ్వెనల కార్ఖానాకి. అప్పట్లో పాత ఫిల్ము కరిగించి దువ్వెనలు చేసేవాళ్ళులే. నెల తర్వాత అక్కడి మేస్త్రీ ఎదురుపడ్డాడు. "ఏం టీకాలండీ అవి! కరిగించే ముందు ఓ ముక్క వెలుతురుకి పట్టి చూశాను. కసాయివాడు కత్తి పారేసి, కూతురేమో, ఓ పిల్ల కాళ్ళమీద పడి ఏడుస్తున్నాడు" అన్నాడు.

నువ్వు ఊరూరా వెతుకుతున్నది ఆ బొమ్మే నాయనా. ఇంకో కాపీ లేదు. ఇక వెతక్కు. లేయాంద్రోని పూడ్చిన రోజు కూడా నా కంట తడి లేదు, ఆ మేస్త్రీ ముందు నడిబజార్లో భోరుమన్నాను. నేనే, నా చేతులతోనే, సంచుల్లో కుక్కి...

ఆ కిటికీ వేద్దూ, జల్లు లోపలికి కొడుతోంది.