బ్రాడ్‌వే వాళ్ళని ఆరా తీసిన సోమవారం

"నానమ్మా, అక్క షోలో వాళ్ళని కూర్చోబెట్టి నువ్వు ఇంటర్వ్యూ చేశావట, నిజమేనా?"

ఎవరు చెప్పారు, మీ అమ్మేనా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ముందు ఆ ఫోన్ అక్కడ ఎందుకు పెట్టావో చెప్పు. రికార్డ్ చేస్తున్నావా? కాలేజీ ప్రాజెక్ట్‌కా. ఊఁ. నువ్వంటున్నావు కాబట్టి నమ్మాలి మరి. ఎవరికీ పంపకు.

అది ఇంటర్వ్యూ కాదురా, ఆరా తీయటం. తేడా ఉంది. నేను ఈ న్యూజెర్సీలో ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూసినదాన్ని. మీ తాతగారు డాక్టరు, ఆయనకి ఎవరేం చెప్పినా నిజమే, నడుం నొప్పంటే నొప్పే. నాకలా కాదు. నడుం నొప్పని క్లెయిమ్ పెట్టినాయన మర్నాడు నిచ్చెనెక్కి ఇంటికి రంగులేసుకుంటుంటాడు. అలాంటివి ఎన్ని చూశానో. ఇంక మా తెనాలి సంగతి చెప్పక్కర్లేదు. మా పక్క వాటాలో ఒక నాటకాలాయన ఉండేవాడు. రాత్రి స్టేజి మీద సత్యం గురించి పద్యం ఎత్తుకుంటే జనం వన్స్ మోర్, వన్స్ మోర్ అని మళ్ళీ మళ్ళీ పాడించుకునేవాళ్ళు. నేల టిక్కెట్టు పావలా అప్పుడు. కాదు కాదు, బెంచీ పావలా, నేల బేడ. తెల్లారి లేస్తే ఆ మనిషి నోట ఒక్క నిజం రాదు. పెళ్ళాన్ని పుట్టింటికి పంపించానని చెప్పి... సర్లే, అది నీకెందుకు. స్టేజి వాళ్ళంటే నాకు చిన్నప్పట్నించీ అనుమానం, అంతే.

మరి మీ అక్కేం చేసింది? నువ్వప్పుడు కాలేజీ హాస్టల్లో ఉన్నావు, నీకు సగమే తెలుసు. ఫార్మసీ స్కూల్లో సీటొచ్చింది కదా, ఒక్క ఏడాది ఆగుతానంది. ఆ ఏడాదిలోనే ఫోన్ చేసి, బ్రాడ్‌వేలో జాజ్ మ్యూజికల్‌కి నన్ను తీసుకున్నారు నానమ్మా అంది. అంతా పాటలూ డాన్సులతో నడిచే నాటకం. పాతకాలం డాన్స్ హాలు, అందులో బాకాలూదేవాళ్ళు, పాడేవాళ్ళు, వాళ్ళ కథట. మీ అమ్మ అక్కడ మీ ఊళ్ళో, ఫ్రిస్కోలో, కనపడిన వాళ్ళందరికీ చెప్పేసింది. నేను మాత్రం, చూడటానికి ఎప్పుడు రమ్మంటావే అని అడిగాను. ఇప్పుడే వద్దు, నేను చెప్తానంది. నెలైంది, రెండైంది, అదే మాట. చూడూ, క్లెయిమ్ పెట్టినవాళ్ళు ఇంటికి రావద్దన్నారంటే మా ఆఫీసులో దానికి ఒకటే అర్థం.

దాంతో ఎవరికీ చెప్పకుండా, ఈ ప్లెయిన్స్‌బరోలో మన కాంప్లెక్స్‌లోనే ఉండే కమలగారిని తోడు తీసుకుని, రైలెక్కి బుధవారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళాను. ప్రోగ్రామ్ పుస్తకంలో మీ అక్క ఫోటో ఉంది. స్టేజి మీద మనిషి లేదు. కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికాను, పాటపాటకీ వెతికాను. లేదు. పక్కనించి కమలగారు, ఏదండీ మీ మనవరాలు, ఏదండీ అని ఒకటే పొడవటం. ఆ వెనకాల ఉంది లెండి అని అబద్ధమాడాను. ఏం చెయ్యను. నాకు ఒకటే ఆలోచన. ఈ పిల్ల రోజూ సాయంత్రం ఎక్కడికి వెళ్తోందో, దీన్నెవరు మోసం చేశారో, లేకపోతే ఇదే మనల్ని మోసం చేస్తోందో.

ఆటయ్యాక పక్కనున్న తలుపు దగ్గర కాపు కాశాను, ఆటవాళ్ళు బయటికొచ్చే తలుపు. అందరూ వచ్చాక చివర్న మీ అక్క వచ్చింది. జుట్టంతా తడి, మొహమంతా చెమట. స్టేజి ఎక్కని మనిషికి చెమటెందుకు పట్టింది? నన్ను చూసి కొయ్యబారిపోయింది. అప్పుడు కాఫీ షాపులో ఏడుస్తూ చెప్పింది. తనని స్వింగ్ అంటారట. ఎవరైనా రాలేకపోతే వాళ్ళ బదులు ఎక్కాలి. ఎనిమిది మంది పాటలూ డాన్సులూ నేర్చుకుని, రోజూ థియేటర్‌కి వెళ్ళి, పైన ఆట జరుగుతున్నంతసేపూ స్టేజి కింద గదిలో టీవీలో చూస్తూ ప్రాక్టీస్ చేసుకుంటుందట. ఇన్ని నెలల్లో ఎవరికీ ఏమీ కాలేదు, తను ఒక్కసారీ ఎక్కలేదు. అందుకే రావద్దంది.

మీ నాన్నకి చెప్పక తప్పలేదు. ఫోన్లోనే మండిపడ్డాడు. స్టేజి ఎక్కని పిల్లకి జీతం ఎవరిస్తారమ్మా, ఇదేదో తేడాగా ఉంది అన్నాడు. ఫార్మసీ వాళ్ళకి ఆ తర్వాతి వారం శుక్రవారంలోగా వస్తుందో రాదో చెప్పాలి. అమ్మా, నువ్వే తేల్చు, నువ్వు నిజమంటే ఉండనిస్తాను, కాదంటే పెట్టె సర్దుకుని కాలేజీకి వెళ్ళాల్సిందే అన్నాడు. మీ అక్కా సరేనంది. ఆ పిల్ల బతుకు తెచ్చి నా చేతిలో పెట్టారన్నమాట.

సోమవారం థియేటర్ వాళ్ళకి ఆట ఉండదు. జెర్సీ సిటీలో మీ అక్క అపార్ట్‌మెంట్‌కి వాళ్ళని భోజనానికి పిలవమన్నాను. పులిహోర, గారెలు చేశాను. ఇద్దరొచ్చారు. ఒకావిడ డెలోరిస్, ఆ ఆటలో పెద్ద పాటలన్నీ ఆవిడవే, వయసు యాభై పైనే ఉంటుంది. ఇంకొకడు మార్కస్, తాడిచెట్టంత మనిషి. మీ అక్క వాడికి రెండో గారె అడక్కుండా వేసింది. ఓహో, సంగతి ఇదా అనుకున్నాను.

ఇంక పెళ్ళిచూపుల్లో అడిగినట్టే మొదలుపెట్టాను. ఏ ఊరు, మీ నాన్న ఏం చేసేవాడు, ఎంతవరకు చదివారు. పేరు దగ్గరే తేడా వచ్చింది. డెలోరిస్ అసలు పేరు అది కాదట. వాళ్ళ నటుల యూనియన్‌లో ఒకే పేరుతో ఇద్దరుండకూడదట, ఈవిడ పేరుతో ముందే ఎవరో ఉన్నారని వాళ్ళమ్మమ్మ పేరు పెట్టుకుంది. ఐడీ చూపించమన్నాను. మీ అక్క తల పట్టుకుంది. ఆవిడ మాత్రం నవ్వి డ్రైవింగ్ లైసెన్స్ తీసింది. ఫిలడెల్ఫియాలో స్కూల్ బస్సు నడిపేదట, ఆదివారాలు చర్చిలో పాడేదట. తర్వాత క్రూజ్ షిప్పుల్లో పాడి, బ్రాడ్‌వేకొచ్చి, మీ అక్కలాగే స్టేజి కింద పదేళ్ళు కూర్చుందట. పదేళ్ళు. ఇక ఆ మార్కస్ డెంటల్ స్కూలు మూడో ఏట మానేశాడు. మీ అమ్మ ఏమీ అనలేదా నాయనా అనడిగాను. ఏడాది మాట్లాడలేదట. ఇప్పుడు నెలనెలా వచ్చి ముందు వరసలో కూర్చుంటుందట. అంతా బాగుంది. కట్టుకథలన్నీ బాగానే ఉంటాయి. నేను నమ్మలేదు.

స్టేజి ఎక్కని పిల్లతో మీకేం పని అని సూటిగా అడిగేశాను. డెలోరిస్ చేతిలో గారె పక్కన పెట్టింది.

"మీరు ఇన్సూరెన్స్‌లో చేశారటగా, మీకు నేను చెప్పాలా? ఆ పిల్ల కింద ఉంది కాబట్టే నేను పైన భయం లేకుండా పాడుతున్నాను."

మాట నా మనసుకి తగిలింది, కాదనను. కానీ మాటలకే క్లెయిము పాస్ చేస్తే మా ఆఫీసు ఎప్పుడో మూతపడేది. చూపించమన్నాను. సోఫా పక్కకి జరిపించాను. తెనాలిలో అవధానాలయ్యేవి, నీకేం తెలుసులే. ఎనిమిది మంది చుట్టూ కూర్చుని అవధానిగారిని తలా ఒకటి అడుగుతారు. అందులో ఒకాయన పని, మధ్యమధ్య సంబంధం లేని ప్రశ్నలేసి ఆయన ధ్యాస చెడగొట్టటం. ఆ పని నేను పెట్టుకున్నాను. మార్కస్‌ని ఆడమని, మధ్యలో ఆపి, ఇక్కణ్ణించి నువ్వు అన్నాను మీ అక్కని. అందుకుంది. డెలోరిస్‌ని పాడమని, సగం లైనులో చెయ్యెత్తాను. ఆ సగం నించే మీ అక్క పాడింది. వెనక వరసలో ఎడమ చివర పిల్లది చెయ్యమన్నాను, అదీ చేసింది. గిర్రున తిరుగుతుంటే, పులిహోరలో ఇంగువ వేశానా లేదా అనడిగాను. వేశావు, ఉప్పు తగ్గింది అంది, అడుగు తప్పకుండా. ఉప్పు నిజంగానే తగ్గిందిరా. కింద ఫ్లాటాయన సీలింగ్ మీద పొడిచేదాకా అడుగుతూనే ఉన్నాను. ఎక్కడో ఒకచోట తడబడుతుందని చూశాను. తడబడలేదు. పొంగిపోయాను, చెప్తే తప్పేముంది.

అక్కణ్ణించే మీ నాన్నకి ఫోన్ చేశాను. "క్లెయిమ్ నిజమేరా. పిల్ల రాదని ఫార్మసీ వాళ్ళకి చెప్పెయ్," అన్నాను.

నేను బయల్దేరుతుంటే మీ అక్క కాళ్ళకి దణ్ణం పెట్టింది. త్వరగా స్టేజి ఎక్కు తల్లీ అని దీవించబోయి ఆగిపోయాను. అది ఎక్కాలంటే ఎవరికో జ్వరం రావాలి, ఎవరి కాలో బెణకాలి. ఎదురుగా ఆ ఇద్దరూ నా చేతి గారెలు తిని కూర్చున్నారు. నోరెలా వస్తుంది? చివరికి, ఎవరికీ ఏమీ కాకుండా నీ వంతు రావాలి అన్నాను. అలా ఎలా వస్తుందో నాకే తెలీదు.

వచ్చిందిరా. మార్కస్ పెళ్ళానికి నొప్పులొచ్చాయి. అవును, పెళ్ళాం. ఆ రోజు అంత ఆరా తీశానా, పెళ్ళైందా అని మాత్రం అడగలేదు. అంత సర్వీసూ బూడిదలో పోసిన పన్నీరే. వాడు హాస్పిటల్‌కి పరిగెత్తాడు, ఆడపిల్ల పుట్టింది, బంగారుబొమ్మలా ఉంది. వాడి చోట మీ అక్క ఎక్కింది. ఆ పెద్ద డాన్స్‌లో ఆడా మగా అందరికీ ఒకటే కోటు, ఒకటే టోపీ. ఎత్తు సంగతేంటని నేనూ అడిగాను, వరసలో మనుషుల్ని అటూ ఇటూ జరిపి సర్దేస్తారట.

కమలగారూ నేనూ పరుగున వెళ్ళాం. తెర లేచింది. కుడి నించి మూడోది మన పిల్లే. ఆ నడుం విరుపు, ఆ మెడ తిప్పటం, అచ్చం మా అమ్మే. పాట అయ్యేదాకా దాని మీంచి చూపు తిప్పలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. కమలగారు టిష్యూలు అందిస్తూనే ఉన్నారు. తర్వాత తలుపు దగ్గర మీ అక్కని కావలించుకుని, ఆ మూడో చోట ఎంత బాగా ఆడావే అన్నాను. అది నా కళ్ళజోడు తీసి, తుడిచి మళ్ళీ పెట్టింది.

"నేను ఎడమ చివర, నానమ్మా."

నవ్వకురా. ఎవరూ పోల్చుకోలేదంటే పని బాగా చేసినట్టే అని డెలోరిస్ అంది. నిజమో, నన్ను ఓదార్చటానికన్నదో. ఆ మూడోది ఎవరమ్మాయో, ఏ ఊరో, దాని ఆరా ఇంకా తీయలేదు. పోనీలే. దానికీ ఎక్కడో ఒక నానమ్మ ఉంటుందిగా. ఆ పూట రాలేకపోయి ఉంటుంది. ఆవిడ బదులు నేను ఏడ్చాననుకో.

నువ్వూ చల్లగా ఉండు నాన్నా, ఏ పని చేసినా నీ వంతు నీకు రావాలి. ఇంక ఆ ఫోన్ ఆపు. ఆపావా? ఏదీ, చూపించు.