ఒక్క కార్బన్ తక్కువ

బీదర్ బస్టాండులో హళ్ళిఖేడ్ బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద కెమిస్ట్రీ పుస్తకం తెరిచిన బీయస్సీ పిల్ల, పక్కనే వక్క నములుతూ ఆమె అవ్వ.

"అవ్వా, తాత కండ్లు ఎందుకు మసకైనయో దొరికింది."

"దొరికేదేంది? జాతరల ఎల్లమ్మకు సాక పోసి మొక్కకముందే తను తాగిండు. తల్లికి కోపమొచ్చి చూపు గుంజుకున్నది. ఊరంతకు ఎరుకే."

"ఎల్లమ్మ కాదు, మిథనాల్. ఆ దినం సారా దొరకక, బల్లలకు కొట్టే పాలిష్ స్పిరిట్ల సోడా కలుపుకున్నడట. మొన్న తాతే చెప్పిండు. సారాల ఉండేది ఇథనాల్, దానికి రెండు కార్బన్లు. మిథనాల్‌కు ఒక్కటే."

"ఒకటి తక్కువైతే మంచిదే గదా?"

"తక్కువున్నదే విషం! ఒంట్లకు పోయి ఫార్మిక్ ఆసిడ్ అయితది, చూపు పోతది. ఇంటికి పోంగనే తాతకు చెప్త. పాపం, ఇరవై ఏండ్ల సంది మంగళారం మంగళారం ఆ తల్లి ముంగట లెంపలేసుకుంటుండు."

"నోరు ముయ్యి."

"ఎందుకే?"

"వడ్రంగాయన పెండ్లాన్ని, స్పిరిట్ వాసన నాకు ఎరుక లేదా? ఆ దినమే ఆయన నోరు వాసన చూసిన. ఎల్లమ్మ కోపమని ఊరంత చెప్పింది నేనే."

"నువ్వా!"

"అప్పటి సంది మీ తాత చుక్క ముట్టలే. నీ కార్బన్‌కు లెంపలేసుకుంటడా ఆయన?"

"మరి పరీక్షల ఏం రాయాలె?"

"పరీక్షల కార్బనే రాయి. ఇంట్ల మాత్రం ఎల్లమ్మ."