ఎడమ కంటికి ఉప్పునీళ్లు

(అమ్మ గది. కిటికీ పక్క కుర్చీలో అమ్మ. చుక్కల మందు సీసాలతో కొడుకు. గుమ్మంలో కూతురు.)

"రెప్ప కొట్టకమ్మా. పైకి చూడు."

"పైకే చూస్తున్నాన్రా. పైన ఏముందో మాత్రం అడక్కు."

"ఆగన్నయ్యా. ఆ సీసా కింద పెట్టు. నేను చెప్పేది విను."

"ఒక్క నిమిషం చెల్లీ, ఎడమ కన్ను కూడా అయిపోనీ. పొద్దున ఎక్కడికెళ్ళారిద్దరూ? ఫోన్ చేస్తే ఎత్తరు."

"బజారుకెళ్ళాం నాన్నా. అమ్మాయి చెప్పులు కొనుక్కుంటానంటేనూ..."

"అబద్ధాలెందుకమ్మా? కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను అన్నయ్యా. చెప్తే వద్దంటావని చెప్పలేదు."

"వద్దనే అంటాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని మొదట్నించీ చెప్తున్నాను."

"ఏళ్ళ తరబడి గోటితో గీకుతూనే ఉన్నావుగా."

"నీకు చెప్తే బుర్రకెక్కదు. ఒంట్లో మిగతా చోట్ల ప్రోటీను పాతబడితే కొత్తది పుడుతుంది. కంటి లెన్సు నడిమధ్యలో ఉన్నది మాత్రం పుట్టుకతో వచ్చిందే. చచ్చేదాకా దాంతోనే గడపాలి. అందులో కాపలా కాసే ప్రోటీను ఒకటుంటుంది. పక్కది చెడిపోతే పట్టుకుని, ఇంకోదానికి అంటుకోకుండా ఆపుతుంది. వయసు మీద పడేకొద్దీ ఆ కాపలాది అయిపోతుంది. ఇక అన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. అదే శుక్లం. ఆ ముద్దని విడదీసేదే నా..."

"ఉడికిన గుడ్డుని పచ్చిగుడ్డు చేస్తానంటావు, అంతేగా?"

"అలా తీసిపారెయ్యకే. వాడి ల్యాబులో చేశాడు. గాజుగొట్టంలో తెల్లగా ముద్దకట్టిందల్లా మంచినీళ్ళలా తేరుకుంది. అప్పుడు నాకు చూపు బాగానే ఉంది, నేనే చూశాను."

"గాజుగొట్టం వేరు, నువ్వు వేరమ్మా."

"అందుకేగా చెల్లీ, అమ్మ కంట్లో వేసి చూస్తున్నది."

"డాక్టరేమన్నారో అడగవా?"

"ఏమంటారు? కొయ్యాలంటారు. వాళ్ళ పనే అది."

"ఎడమ కన్ను పోయిందన్నారు."

"పోవడమేంటి?"

"అమ్మాయ్, ఇప్పుడెందుకే ఇవన్నీ. రేపు వాడికి మీటింగు."

"నువ్వుండమ్మా. శుక్లం ముదిరిపోయి లోపలే కరిగి కారిందట. కంట్లో ప్రెషర్ పెరిగి నరం చచ్చిపోయిందట. టార్చి వేస్తే వెలుగు కూడా తెలీలేదు. ఇప్పుడు లెన్సు మార్చినా చూపు రాదట. ఆమధ్య తలనొప్పి, వాంతులు అని పడుకుందే, అప్పుడే అయ్యుంటుందన్నారు."

"నాతో అజీర్తి అందే."

"నువ్వు పనిలో ఉన్నావని అజీర్తి అన్నాన్రా."

"ఎడమ కంట్లో ఏం వేస్తున్నావన్నయ్యా?"

"చుక్కలు."

"ఏం చుక్కలు? సీసాల మీద వేరే వేరే రంగు చీటీలున్నాయి."

"ఉప్పునీళ్లు."

"ఏంటి?"

"తేడా తెలియాలంటే ఒక కంటికి మందు వెయ్యకూడదు. పద్ధతి అది. అమ్మకి చెప్పే చేశాను."

"వాడేమైనా కారం కొట్టాడటే? ఉప్పునీళ్లేగా. వదిలెయ్ తల్లీ."

"ఎలా వదిలెయ్యనమ్మా? ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఈపాటికి పేపరు చదువుకుంటూ ఉండేదానివి."

"మందు వెయ్యని కన్ను పోయింది. వేసిన కన్ను ఉంది. దీన్నిబట్టి నీకేమీ తెలియట్లేదా చెల్లీ?"

"నువ్వు మనిషివేనా?"

"రేపు మీటింగులో ఇది కూడా చెప్పాలి. ఎప్పుడు పోయిందో సరిగ్గా గుర్తుందా అమ్మా?"

"మబ్బుగా ఉండేది నాన్నా. ఒకరోజు ఆ మబ్బు కూడా లేదు. ఎప్పుడంటే ఏం చెప్పను?"

"కుడి కన్నయినా వెంటనే చేయించాలన్నారు. రేపే చేరుస్తాను."

"వద్దే. ఆ లెన్సు తీసేస్తే వాడి మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అది కూడా పోతే?"

"బాగుపడుతోందిగా. వచ్చినప్పుడల్లా చార్టు చదివిస్తున్నాడుగా."

"విన్నావుగా? రేపు మా ల్యాబు వాళ్ళు ఒప్పుకుంటే రెండొందలమంది పెద్దవాళ్ళకి మొదలుపెడతాం. వాళ్ళ ఆపరేషన్లు కొన్నాళ్ళు ఆపి."

"వాళ్ళలో సగంమందికి ఉప్పునీళ్లా?"

"సగంమందికి."

"అన్నయ్యా, వాళ్ళూ ఎవరికో అమ్మలే."

"ఎల్లుండి తీరిగ్గా తిట్టు. వీడియో ఒక్కటి తీసుకుని పోతాను. అమ్మా, ఎడమ కన్ను మూసుకో."

"దాన్ని నేను మూసేదేముందిరా. అదే మూసుకుంది."

"నా వెనక గోడ మీద చార్టుంది. పైనుంచి చదువు."

"పైన పెద్ద అక్షరం, ప."

"రెండో వరుస?"

"ర, గ."

"మూడోది?"

"చ, ల, ద. కొంచెం మెరుపుగా ఉంది గానీ బాగానే కనిపిస్తోంది."

"అన్నయ్యా, వెనక్కి తిరుగు."

"తిరగను, రికార్డవుతోంది."

"చార్టు నా చేతిలో ఉంది. ఇందాకే తీసేశాను. అమ్మ చదువుతున్నది ఉత్త గోడ."

"ఎందుకు తీశావే తల్లీ..."

"ఎంతకాలం నుంచమ్మా ఇలా?"

"ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని. ఆ కాసిని అక్షరాలు కంఠతా రావా? ఒక్కో వరుస చెప్తుంటే వీడి గొంతు చిన్నప్పటిలా అయిపోయేది. ఇంకో వరుస, ఇంకో వరుస అనేవాడు. కనపడట్లేదని చెప్పడానికి నోరు రాలేదు. తప్పే నాన్నా. నా మాట పట్టుకుని రేపు అంతమంది కళ్ళ మీదికి పోకు. వింటున్నావా?"

"నాకు తెలుసమ్మా. కరెంటు పోయినరోజు చీకట్లో కూడా గడగడా చదివావు. చెల్లీ, నువ్వు కాసేపు మాట్లాడకు, వీడియోలో నీ గొంతు పడుతోంది. ఊఁ, కింది వరుస చెప్పమ్మా."