యాకుత్‌పురాలో కొండలు

హలో… ఆ, నేనే మేడమ్. సామ్యూల్‌ని. యూకేజీ రూప వాళ్ల డాడీని…

ఆ, ఆదివారమే, ఎరికే. చర్చి నుంచి గిప్పుడే వచ్చినం… లే, సోమారం దాంక ఆగే ముచ్చట కాదు. డ్రాయింగ్ జెప్పేది మీరే గద, మీతోనే మాట్లాడాలె.

నిన్న ఎగ్జిబిషన్ల గోడకు పెట్టిన బొమ్మ, అయిపోయినంక ఇంటికిచ్చిన్రు గద. 'మా ఇల్లు' అని. కింద రూప అని పేరు… ఆ, గదే. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు.

మస్తున్నది మేడమ్. నేను కాదంటలేను. గది ఎవలేసిన్రు?

…

మళ్ల 'రూపనే' అంటరేంది!

…ఎట్ల తెల్సిందా? ఆటోల నా సీటెనక పెట్టుకుందామని నిన్న రాత్రే హుస్సేనీ ఆలంల లామినేషన్‌కిచ్చిన. దుకాణపాయన చేతిల పట్టుకున్నడు, "భాయ్, యే డబల్ హై" అన్నడు. కాయితం మీద కాయితం. మూలకు గమ్ ఊడింది. మెల్లగ పీకి చూస్తే కింద నా బిడ్డ బొమ్మ.

ఆ. గిప్పుడు చెప్పుండ్రి.

…లావణ్యా, నువ్వాగు జర!… మిమ్మల్ని కాదు మేడమ్, మా ఇంటామె. మెల్లగ మాట్లాడమంటున్నది. మెల్లగనే మాట్లాడుతున్న నేను!

…హెల్పా? చెయ్యి పట్టుకొని గీపిస్తే హెల్ప్. దాని బొమ్మ మీద మీ బొమ్మ అతికిచ్చుడు హెల్ప్ ఎట్లయితది?

…ఏం లెక్క? ఇంకోసారి అనుండ్రి… వరుసగ పండవెట్టిన పీనుగుల లెక్కనా?

మేడమ్. అవి పీనుగులు కావు. మేమే. రాత్రి పండుకున్నం. ఒకటే అర్ర మాది. గోడకు మా అమ్మ, పక్కకు నేను, ఆ పక్కకు రూప, ఆఖరికి వాళ్లమ్మ. అందరి కాళ్లు దుప్పట్లకెల్లి బయటకు. మా అమ్మ మోకాలికి పట్టీ కట్టుకుంటది, గది గుడ మర్శిపోలే, ఎర్ర రంగేసింది. పైకెల్లి చూసినట్టు ఏసింది మేడమ్, ఐదేండ్ల పిల్ల! ఫ్యాను మా కడుపుల మీద తిరుగుతున్నది. 'మా ఇల్లు' అంటే గదే మా ఇల్లు. యాకుత్‌పురల కొండలేడికెల్లి వచ్చినయ్? మా గల్లీల సూర్యుడు కనవడాల్నంటేనే మిద్దెక్కాలె.

…సిగ్గా? మాకెందుకు సిగ్గు? నలుగురు పేరెంట్స్ చూస్తే మేం చిన్నబోతమని మీరే అనుకున్నరా? నన్ను ఒక్క మాట అడిగిన్రా?

నిన్న ఏమైందో తెల్సా మీకు? మీ గుడిసె ముంగట దాన్ని నిలవెట్టి ఫోటో దీస్తున్న. "డాడీ, గిది నాది కాదు" అన్నది. నవ్వమంటే మళ్ల గదే మాట. అందరి ముంగట గిట్ల మాట్లాడుతవా అని చెవి మెలేసిన. "నాదే అను" అన్న. "నాదే" అన్నది. నా బిడ్డతోని అబద్ధమాడిపిచ్చిన మేడమ్, మీ గుడిసె కోసం!

…

ప్రిన్సిపాల్ మేడమ్ తిడ్తదనా?… మిగతా పిల్లలయి?… అన్నీనా?… అన్నీ మీరే కూసొని ఏసిన్రా?

మరి పిల్లలకేం నేర్పిన్రు? చేతులు కట్టుకొని కూసునుడా?

…లే, మీరు ఆగుండ్రి. నేను జెప్పేది వినుండ్రి. ఇయ్యాల పొద్దుగాల నేనే కాయితమిచ్చిన, రంగులిచ్చిన. నీకేది ఇష్టముంటే గది ఏసుకో బిడ్డా అన్న. ముట్టలే. "నాకు రాదు డాడీ, మిస్ ఏస్తది" అన్నది. మొన్నటి దాంక గోడలు, గ్యాస్ బండ, నా ఆటో సీటు, ఏదీ ఇడువలే. కొట్టినా ఆగకపోతుండె. గసుంటిది రాదంటున్నది. నా పానం ఎట్లుంటదో చెప్పుండ్రి మీరే!

…

నాకెందుకు సారీ? దానికి చెప్పుండ్రి… రేపు గాదు, గిప్పుడే. 'నీ బొమ్మనే మంచిగున్నది, నేనే తప్పు జేసిన' అనుండ్రి, గంతే… ఆ 'కానీ' ఏంది మేడమ్ మళ్ల? కానీ గీనీ ఏం వద్దు.

రూపా! ఇటు రా నాన్నా. మీ మిస్. నువ్వేం మాట్లాడకు, ఊకె విను…

…

ఏం? ఏమన్నవ్?… అరే, నువ్వెందుకు సారీ చెప్తున్నవ్ బిడ్డా!… "ఈసారి కొండలు మంచిగేస్త మిస్" ఏంది!… ఇటియ్యి. ఫోన్ ఇటియ్యి.

మేడమ్… విన్నరా?

…

ఏడ్వకుండ్రి. వద్దు మేడమ్, ఏడ్వకుండ్రి. ఇక్కడికి వినవడుతున్నది. మీరేడిస్తే అది మళ్ల సారీ చెప్తది… పెడుతున్న.