మా బడి మేక సుద్దమ్మ

పెద్దలకు, తల్లులకు, పందిరి చాలక ఎండలో నేల మీదే కూర్చున్న నా పిల్లలకు నమస్కారం. పనులు మానుకుని వచ్చారు. మగ్గాలు ఆపుకుని వచ్చారు. ఒక మేక చనిపోయిందని వచ్చారు. అవును, మేకే. ఆ మాట మెల్లగా చెప్పాల్సిన అవసరం నాకు లేదు. ప్రతాప్, మైకు ఇంకొంచెం పెంచు నాయనా.

నిన్న బస్టాండు దగ్గర ఒకాయన నన్ను ఆపి నవ్వాడు. "మేకకు సంతాప సభ ఏంది టీచరమ్మా, రేపు కోడికి గూడా పెడతారా?" అన్నాడు. పెడతానయ్యా. ఆ కోడి మా సుద్దమ్మ చేసిన పనిలో సగం చేసినా చాలు, ఇదే మైకు, ఇదే పందిరి, ఇదే కృపామణి టీచరు. తప్పకుండా పెడతాను.

నేను ఈ ఎయిడెడ్ బడిలో పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. కార్వేటినగరం నుంచి తనిఖీకి పెద్ద సార్లు ఎందరో వచ్చి వెళ్లారు. వాళ్లలో ఎందరి పేర్లు మన పిల్లలకు గుర్తున్నాయి? సుద్దమ్మ పేరు తెలియని పిల్ల ఈ ఊళ్లో ఒక్కతన్నా ఉందా?

పదమూడేళ్ల కిందట వాన పడుతున్న ఒక ఉదయం, మేకలు కాసే మన శాంతయ్య గోనెసంచిలో ఒక మేకపిల్లను చుట్టుకుని వచ్చాడు. తల్లి చనిపోయింది. పిల్లకేమో ముందుకాలు విరిగింది. "నేను మంద ఎనకాల పోవాల టీచరమ్మా, దీన్ని సూసుకునే తీరిక ల్యా. బతికితే మీది, సస్తే నాది" అని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. శాంతయ్యా, నువ్వు ఇక్కడే కూర్చున్నావు, నేను అబద్ధం చెబితే లేచి చెప్పు.

ఆనాటి పిల్లలు చెక్క స్కేలు విరిచి, ఆ కాలికి కట్టు కట్టారు. సీసాతో పాలు పట్టారు. కాలు వంకరగానే అతుక్కుంది, కానీ మేక బతికింది. తెల్లగా ఉండేది. బోర్డు కింద రాలిన సుద్దముక్కలు నాకేది. అందుకే సుద్దమ్మ అయింది. మూడో తరగతి గదిలో, కిటికీ కింద గోనెపట్టా మీద దాని చోటు.

చనిపోయింది కదా అని దాన్ని దేవతను చేయను. అమర్‌నాథ్ లెక్కల నోటుబుక్కు సగం తినేసింది. నా హాజరు పట్టీ అట్ట నమిలేసింది. వాన పడిన రోజు దాని వాసనకు తలుపులన్నీ తీసి పెట్టేవాళ్లం. అయినా ఏ పిల్లా దాని పక్క నుంచి లేచి పోలేదు. ఎందుకని? చెబుతాను.

నాలుగేళ్ల కిందట, కోమలి మూడో తరగతిలో ఉన్నప్పుడు, వాళ్ల అమ్మ చనిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు ఆ పిల్ల నోరు తెరవలేదు. పేరు పిలిస్తే పలకలేదు. నేను బుజ్జగించాను, తాయిలం పెట్టాను, చివరికి కసిరాను కూడా. ఆ కసిరినందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లినప్పుడు గదిలోంచి మాటలు వినిపించాయి. కోమలి సుద్దమ్మ మెడ పట్టుకుని కూర్చుంది. "మా అమ్మను ఆస్పత్రికి తోలకపోయినారు, మళ్లీ తోలకరాలా. నువ్వన్నా యాడికీ పోవాకు" అంటోంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. లోపలికి వెళ్లలేదు. అంతకు ముందు పదిహేనేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఆ రోజు ఒక పాఠం నేర్చుకున్నాను. పిల్లలకు జవాబు అవసరం లేదు. ముందు వినేవాళ్లు కావాలి.

మరుసటి రోజు గోనెపట్టాను కోమలి కూర్చునే చోటికి జరిపాను. అంతే చేశాను. ఇరవై రోజులకు, హాజరు పిలిచినప్పుడు "ఉండాను టీచర్" అని చిన్న గొంతు వినిపించింది. తరగతి అంతా చప్పట్లు కొట్టింది. సుద్దమ్మ మాత్రం నెమరు వేస్తూనే ఉంది.

ఇప్పుడు మోహన సంగతి. అందరి ముందూ చెప్పమని తనే నన్ను అడిగింది. ఆరేళ్ల కిందట మోహన ఐదో తరగతి. నాన్న గురప్ప మగ్గం పని చేస్తాడు. నగరిలో మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పనికి పిల్లను పంపాలని ఇంట్లో నిర్ణయం అయిపోయింది. మోహన ఎవరికీ చెప్పలేదు. సుద్దమ్మకు చెప్పుకుంది. "సోమవారం నుంచి నేను రాను. పనికి పోవాలంట. ఈ మాట ఎవరికీ సెప్పాకు" అంది.

సుద్దమ్మ చెప్పలేదు. కిటికీ అవతల ఆకుకూర తరుగుతున్న మన వంటమ్మ తిరుమలమ్మ విని, కత్తిపీట అక్కడే వదిలేసి, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

ఆ సాయంత్రమే గురప్ప ఇంటికి వెళ్లాను. "నా బిడ్డ, నా ఇష్టం. నువ్వెవరు అడిగేదానికి?" అన్నాడు. నేను వాదించలేదు. మోహన మేకతో అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. గురప్ప మగ్గం పక్కన కూలబడ్డాడు. "మేకతో సెప్పుకునింది, నాతో సెప్పలా టీచరమ్మా" అన్నాడు. సోమవారం ఉదయం తనే సైకిల్ మీద మోహనను బడికి తెచ్చి దింపాడు. ఈ రోజు మోహన పుత్తూరులో ఇంటర్ చదువుతోంది. అదుగో, మూడో వరుసలో నాన్న పక్కనే కూర్చుంది.

ఇలాంటి జీవాన్ని బడిలో ఉంచకూడదన్నారు! రెండేళ్ల కిందట తనిఖీకి వచ్చిన అధికారి, "తరగతి గదిలో పశువు ఉండకూడదు, వారంలో తీసేయండి" అని రాసి వెళ్లారు. ఈ కబురు విని మర్నాడే ఒక బేరగాడు వచ్చాడు. "ముసల్దైపోయింది. పాలు లేవు, ఈత లేదు, ఒక కన్ను గూడా పోయినట్టుండాది. కోతకు దప్ప ఇంక దేనికీ పనికిరాదు" అన్నాడు. అప్పుడు కోమలి అవ్వ యశోదమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "పనికిరానోళ్లందర్నీ కోసేదైతే ముందు నన్ను కోయప్పా" అంది. ఆ బేరగాడు మళ్లీ ఈ వీధిలోకి రాలేదు.

బడి గోడ అవతల ఉన్న స్థలం శాంతయ్యది. ఆ ఆదివారమే ఊరంతా కలిసి అక్కడ కొట్టం వేశారు, సరిగ్గా కిటికీకి ఆనుకుని. అధికారి మళ్లీ వచ్చి, "పశువు ఏదమ్మా?" అన్నారు. అప్పటికి ఐదో తరగతిలో ఉన్న కోమలి లేచి నిలబడి, "బయటే ఉండాది సార్. తలకాయొక్కటే లోపలుండాది" అంది. రెండు నెలలు పలకని పిల్ల! ఆయన కిటికీ వైపు చూశారు, నవ్వు ఆపుకున్నారు, సంతకం పెట్టి వెళ్లిపోయారు.

పోయిన గురువారం రెండో గంట కొట్టాక మూడో తరగతి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. సుద్దమ్మ కిటికీ గట్టు మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకుని పిల్లలు గొంతు తగ్గించారు. ఎక్కం అయ్యేదాకా గుసగుసగానే చదివారు. అది మళ్లీ లేవలేదు.

అమ్మలారా, అయ్యలారా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మన పిల్లలు మేకతో ఎందుకు చెప్పుకున్నారు? మనకు చెవులు లేకనా? ఉన్నాయి. కానీ మనం మధ్యలో అడ్డుపడతాం. తిడతాం. నలుగురికీ చెబుతాం. సుద్దమ్మ ఈ మూడూ చేయలేదు. పదమూడేళ్లు మన పని ఆ మూగజీవం మీద వేసి హాయిగా ఉన్నాం. ఇక కుదరదు. రేపటి నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ ఆ గోనెపట్టా మీద నేను కూర్చుంటాను. ఏ పిల్ల వచ్చి ఏం చెప్పినా వింటాను. నవ్వేవాళ్లు నవ్వండి. వద్దని రాసేవాళ్లు రాయండి. నేను లేవను.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. టోపీలు, తలపాగాలు తీయాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఏ దేవుణ్ని తలుచుకోవాలో కూడా మీ ఇష్టమే. పిల్లలు ఏడిస్తే ఊరుకోమని మాత్రం ఎవ్వరూ అనవద్దు. ఒక్క నిమిషం మనం పెద్దవాళ్లం నోళ్లు మూసుకుందాం. లేవండి.