ఈశాన్యం మూల స్పీకరు, నాలుగు బోల్టులు

సిద్దిపేట. తేదీ 24 ఫిబ్రవరి 2025, సోమవారం. మేజిస్ట్రేట్ గారి ఎదుట ఉదయం 11.20 గంటలకు మొదలైనది.

నా పేరు సింధూజ. తండ్రి పోశయ్య. వయసు ముప్పై ఆరేళ్లు. మాది రాయపోల్. పదకొండేళ్లుగా సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద దుకాణం నడుపుతున్నాను. ఇళ్లలో హోం థియేటర్లు బిగించడం నా వృత్తి. మా నాయిన చుట్టుపక్కల పెళ్లిళ్లకు, జాతరలకు మైక్‌సెట్ పెట్టేవాడు. శబ్దం గురించి నాకు తెలిసిందంతా ఆయన దగ్గర మొదలైందే.

నేరం ఒప్పుకోవాల్సిన అవసరం నాకు లేదని, ఒప్పుకుంటే అది నా మీదనే వాడవచ్చని మేజిస్ట్రేట్ గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోవడానికి సమయం కూడా ఇచ్చారు. నాకు అర్థమైంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. ఈ కేసులో ముద్దాయిగా రాసిన మల్లేశ్, తండ్రి సిద్ధయ్య, వయసు ఇరవై తొమ్మిది, నా దగ్గర ఆరేళ్లుగా పని చేస్తున్నాడు. స్పీకరు అడుగున ఇనుప ప్లేటు బిగించకుండా వదిలేసి ఒక పెద్దావిడ తుంటి ఎముక విరగడానికి కారణమయ్యాడని అతని మీద అభియోగం. అది తప్పు. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

ఫిర్యాదు ఇచ్చిన రాజశేఖర్ గారిది దౌల్తాబాద్. భూముల వ్యాపారం. రంగధాంపల్లిలో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. జనవరి 6న, మధ్యాహ్నం పన్నెండున్నరకు, భార్య కృతికతో కలిసి దుకాణానికి వచ్చారు. పై అంతస్తులో సినిమా గది కావాలన్నారు. కుకునూరుపల్లిలో ఆయన స్నేహితుడి ఇంట్లో బీరువాలంత స్పీకర్లు ఉన్నాయట. అంతకంటే పెద్దవి కావాలన్నారు.

మరుసటి రోజు నేను టేపు పట్టుకొని ఆ ఇంటికి వెళ్లాను. గది వెడల్పు పదకొండున్నర అడుగులు, పొడవు పందొమ్మిది. తెర తూర్పు గోడకు. తెరకు రెండు పక్కలా మిగిలే జాగా పదిహేను అంగుళాలే. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాను. ప్రతి కొత్త గదిలోనూ కొడతాను. చప్పట్ల శబ్దం ఎట్లా తిరిగి వస్తుందో వింటే ఆ గదికి ఏం కావాలో నాకు తెలిసిపోతుంది. ఆ గదికి కావలసినవి సన్నగా, పొడుగ్గా, నేల మీద నిలబడే స్పీకర్లు. వేరే ఏవి పెట్టినా అవి గోడకు ఆనుకొని గొంతు నొక్కినట్టు మోగుతాయి.

స్పీకర్ల ఎంపిక ఈ కేసుకు అవసరమా అని మేజిస్ట్రేట్ గారు అడిగారు. అవసరమే. సన్న స్పీకరు అమ్మింది నేను. సన్న స్పీకరు పడిపోతుందని అందరికంటే ముందు తెలిసింది కూడా నాకే.

జనవరి 9న రాజశేఖర్ గారికి దుకాణంలో ఆ స్పీకర్లు చూపించాను. ముందు వెడల్పు ఆరున్నర అంగుళాలు, ఎత్తు నలభై ఒకటి. ఆయన చూసి నవ్వారు.

"ఇవేంది చెల్లె, అగర్‌బత్తీల లెక్కున్నయి. గీటికెళ్లి మోత వస్తదా?"

పెద్ద డబ్బా అంటే పెద్ద శబ్దమని మనవాళ్ల లెక్క. పెళ్లి బరాత్‌లో ఆ లెక్క సరే, ఇంట్లో కాదు. గది అదిరే కింది మోత చూసుకోవడానికి సబ్‌వూఫర్ వేరే ఉంటుంది. ఈ నిలువు స్పీకర్ల పని మాటలు తేటగా వినిపించడం, శబ్దం తెర మీది మనిషి నోట్లో నుంచి వస్తున్నట్టు అనిపించడం. కూర్చున్న మనిషి చెవి నేల నుంచి ముప్పై ఎనిమిది అంగుళాల ఎత్తులో ఉంటుంది. స్పీకరులో సన్న శబ్దం పలికే భాగం సరిగ్గా ఆ ఎత్తుకు రావాలి. ఇవన్నీ చెప్పినా వినే మనిషి కాదని పరదా కట్టాను. అది నా పద్ధతి. నల్ల గుడ్డ వెనక రెండు జతలు పెడతాను, ఒకటి బీరువాలాంటిది, ఒకటి సన్నది. చూడనివ్వను, విననిస్తాను. నేను స్వయంగా రికార్డు చేసిన ఒగ్గుకథ డోలు మూడుసార్లు మోగించాను. మూడుసార్లూ ఆయన రెండో జతే బాగుందన్నారు. పరదా తీస్తే రెండో జత అగర్‌బత్తీలే. కృతిక గారు నవ్వు ఆపుకోలేకపోయారు.

అక్కడితో ఎంపిక అయిపోయిందనుకుంటే తప్పు. మా దగ్గర ఏ ఇంట్లోనైనా ఆఖరి మాట వాస్తుది. తూర్పు గోడకు తెర ఉంటే ఎడమ స్పీకరు సరిగ్గా ఈశాన్యం మూలలో పడుతుంది. ఈశాన్యంలో బరువు ఉండకూడదు. ఇంటి సిద్ధాంతి గారు వచ్చి, స్పీకరును చేత్తో ఎత్తి చూసి, పదహారు కిలోలే కాబట్టి ఫరవాలేదన్నారు. బరువైన సబ్‌వూఫర్‌ను నైరుతిలో పెట్టమన్నారు. నాకూ అక్కడే కావాలి కనుక తల ఊపాను.

సన్న స్పీకరుకు ఒక జబ్బు ఉంది. ఎత్తు ఎక్కువ, అడుగు తక్కువ. కంపెనీ ఇచ్చే నాలుగు చిన్న కాళ్లు దాన్ని నిలబెడతాయి గానీ ఎవరైనా చెయ్యి ఆనిస్తే ఆపలేవు. అందుకని ఇట్లాంటి ప్రతి స్పీకరు కిందా ఇనుప ప్లేటు వేయిస్తాను. పన్నెండు అంగుళాల వెడల్పు, పద్నాలుగు పొడవు, ఎనిమిదిన్నర కిలోల బరువు. నాలుగు బోల్టులు. ఫిబ్రవరి 11, మంగళవారం, మల్లేశ్ రెండు స్పీకర్లకూ ప్లేట్లు బిగించాడు. ఒక్కోదానికి నాలుగు బోల్టులు. నేను రెండు చేతులతో తోసి చూశాను, కదల్లేదు. సాయంత్రం 4.40కి ఫోటో తీశాను. ఆ ఫోటోలో రెండు ప్లేట్లూ, అన్ని బోల్టులూ కనబడతాయి. ఫోన్ ఇప్పుడు కోర్టు వారికి ఇస్తున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం, గృహప్రవేశం. ఉదయం 6.50కి నేను, మల్లేశ్ పై గదిలో ఆఖరిసారి అంతా మోగించి చూస్తున్నాం. రాజశేఖర్ గారి తల్లి లక్ష్మీబాయి గారు మెట్లెక్కి వచ్చారు. వయసు డెబ్బై ఒకటి. ఆమె మూల దగ్గరికి వెళ్లి, వంగి, ప్లేటును వేలితో తాకి చూశారు.

"ఈశాన్యంల ఇనుమేంది బిడ్డా? అయ్యగారు డబ్బకు ఒప్పుకున్నడు గని దీనికి ఒప్పుకోలే. పొద్దుగాల పూజ ఉన్నది. తీసెయ్యి."

అది నిజమే. సిద్ధాంతి గారు ఎత్తి చూసినప్పుడు ప్లేటు లేదు. ప్లేటు సంగతి నేను ఆయనకు చెప్పలేదు. చెబితే కాదంటారని చెప్పలేదు. మల్లేశ్ మాత్రం వెంటనే అడ్డం పడ్డాడు. ప్లేటు లేకుంటే అది నిలవదని, పక్కకు వంగుతుందని ఆమె ముందే అన్నాడు. నేను అతన్ని కిందికి పంపాను, వైరు చుట్ట తెమ్మని. వైరు చుట్ట గదిలోనే ఉంది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మెట్లు దిగి వెళ్లాడు.

నాలుగు బోల్టులు నేనే విప్పాను. నా చేత్తోనే విప్పాను. ప్లేటును గోనెసంచిలో చుట్టి నా కారు డిక్కీలో పెట్టుకున్నాను. నాలుగు బోల్టులు హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. స్పీకరును దాని చిన్న కాళ్ల మీదే నిలబెట్టి, మట్టం చూసి, ఒక వేలితో కదిపాను. నిలబడింది. మూడు రోజుల్లో వచ్చి సిద్ధాంతి గారితో మాట్లాడి మళ్లీ బిగిస్తానని లక్ష్మీబాయి గారికి చెప్పాను. ఆమె సంతోషంగా నా తల మీద చెయ్యి పెట్టారు.

పెద్దావిడ మాట కాదనలేకపోయానని చెబితే బాగుంటుంది. కానీ అది నిజం కాదు. వచ్చిన చుట్టాల్లో ఇద్దరు అప్పటికే మాకూ ఇట్లాంటి గది కావాలని నన్ను అడిగి ఉన్నారు, ఆ పొద్దున గొడవ నాకు వద్దు. అంతకంటే పెద్ద కారణం, నేను నిలబెట్టింది పడదని నా నమ్మకం. పదకొండేళ్లలో నేను పెట్టిన ఏదీ పడలేదు. మూడు రోజులకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం. మూడో రోజు. నేను హైదరాబాద్‌లో సరుకు చూస్తూ ఉండిపోయాను. వెళ్లలేదు. సాయంత్రం 5.15 ప్రాంతంలో లక్ష్మీబాయి గారు ఈశాన్యం మూలలో రాగిచెంబుతో నీళ్లు పెట్టడానికి ఆ గదిలోకి వెళ్లారు. కొత్త ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి రోజూ పెడుతున్నారట. వంగి చెంబు పెట్టి, లేవడానికి ఆసరాగా స్పీకరు పట్టుకున్నారు. అది ఆమె మీదికి వచ్చింది. ఆమె కుడి పక్కకు పడ్డారు, స్పీకరు ఆమె మీద పడింది. మరుసటి రోజు తుంటికి ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ కర్ర లేకుండా నడుస్తారని ఎవరూ చెప్పడం లేదు.

ఫోన్ రాగానే బయలుదేరి, రాత్రి ఎనిమిదికి ముందే ఆ ఇంటికి చేరాను. స్పీకరు నేల మీద అడ్డంగా ఉంది. దాని అడుగున బోల్టుల కోసం చేసిన నాలుగు రంధ్రాలు ఖాళీగా కనబడుతున్నాయి. బోల్టులు నా భుజానికి వేలాడుతున్న బ్యాగులో ఉన్నాయి. రాజశేఖర్ గారు ఆ రంధ్రాలను చూపించి, బోల్టులు బిగించాల్సింది ఎవరని అడిగారు. మల్లేశ్ అన్నాను.

17వ తేదీ ఉదయం పదిన్నరకు ఠాణాలో నన్ను సాక్షిగా పిలిచారు. లోపలికి వెళ్లేముందు రాజశేఖర్ గారు నన్ను పక్కకు పిలిచారు. నా మీద గానీ, దుకాణం మీద గానీ ఆయనకు కోపం లేదని, పని చేసినవాడి నిర్లక్ష్యమే తప్ప నాది కాదని చెప్పారు. ఆయన అబద్ధం ఆడమనలేదు. ఆయనకు తెలిసింది అంతే. లోపల అధికారి ప్లేటు బిగించే పని ఎవరిదని అడిగారు. మల్లేశ్‌ది అని చెప్పాను. అది నిజమే. తర్వాత ఎవరైనా విప్పారా అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. సంతకం పెట్టి వచ్చాను. మల్లేశ్‌ను కూడా అడిగారు. అతను "నేను బిగించిన సార్" అని ఒక్క మాటే అన్నాడు. కేసు రాసి, పూచీకత్తు మీద వదిలారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఆ మొత్తినవాళ్లలో మొదటిదాన్ని నేను.

20వ తేదీ, గురువారం, అతను దుకాణానికి వచ్చి పనిముట్ల పెట్టె అప్పగించాడు. ఇక రానన్నాడు. బోల్టు బిగించనివాడని పేరు పడిన మనిషిని ఎవరి ఇంట్లోకి తీసుకుపోతారని అడిగాడు. విప్పింది నేనని ఠాణాలో ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు సిగ్గు లేకపోయింది.

"నువ్వు చెప్తవనుకున్న అక్కా" అన్నాడు.

నిన్న, ఆదివారం, ఉదయం పదకొండు గంటలకు ఆసుపత్రికి వెళ్లాను. లక్ష్మీబాయి గారు మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నారు. కృతిక గారు మందుల కోసం కిందికి వెళ్లారు, గదిలో మేమిద్దరమే. ఇది కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నేను అక్కడికి క్షమాపణ చెప్పడానికి మాత్రమే వెళ్లలేదు. ప్లేటు తీయమన్నది తానేనని ఆమె కొడుకుతో ఒక మాట అంటే, మల్లేశ్ బయటపడతాడు, నేనూ బయటపడతాను. పెద్దావిడ, సొంత తల్లి, ఆమె మీద ఎవరు కేసు పెడతారు? ఆ మాట ఆమెతో అన్నాను కూడా. ఆమె గొంతులో కోపం లేదు.

"చెప్త. అండ్ల నాకు భయమేంది" అన్నారు. "గని బిడ్డా, నేను తెల్వక అడిగిన. నువ్వు తెలిసి తీసినవ్."

నేను బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. డిక్కీలో ప్లేటు అట్లాగే ఉంది. ఈ ఉదయం దాన్ని, నాలుగు బోల్టులను కోర్టుకు తెచ్చాను. గోనెసంచి కూడా విప్పలేదు. తీసుకొని జాబితాలో రాయించాలని కోరుతున్నాను.

స్పీకర్లు సరైనవే. ఇప్పటికీ అదే మాట అంటాను, ఆ గదికి అంతకంటే మంచివి లేవు. మల్లేశ్ బిగింపు సరైనది. లక్ష్మీబాయి గారు వాస్తు తెలిసిన మనిషి, తనకు తెలిసింది చెప్పారు. ఆ గదిలో స్పీకరు సంగతి తెలిసిన మనుషులం ఇద్దరమే ఉన్నాం. ఒకరు వద్దన్నారు. ఆ ఒక్కరినీ కిందికి పంపింది నేను. మల్లేశ్ పేరు ఉన్న చోట నా పేరు రాయాలని అడుగుతున్నాను.

పైన రాసినదంతా నేను తెలుగులో చెప్పాను. నాకు చదివి వినిపించారు. "ఆమె అడిగినందువల్ల నేనే విప్పాను" అని ఒక చోట రాసి ఉంటే కొట్టేయించి, "నేనే విప్పాను" అని మాత్రం ఉంచమన్నాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. మధ్యాహ్నం 12.45కి ఎవరి బలవంతమూ లేకుండా సంతకం చేస్తున్నాను.

(సంతకం)
సింధూజ