టోక్ కట్టిన మూడు తెరచాపల ఓడ

"తాతా, ఆ ముసలాయన డ్రాయింగ్ లేకుండా అంత ఓడ ఎలా కట్టారు?"

ఎలగంటే ఏటి సెప్పనమ్మా! కళ్లారా సూసినాను గానీ ఇప్పటికీ నా బుర్రకెక్కదు. అప్పుడు నాను మన మలేసియా తూరుపు తీరాన, కువాలా తెరెంగానులో కర్రల అడితీలో కెరాణిని, అదే, గుమాస్తాని. మీ నానమ్మని సేసుకున్న ఏడు... కాదు కాదు, మీ నాన్న పుట్టిన ఏడు. రోటీ చనాయ్ ఇరవై సెన్ల సిల్లరకే వచ్చేది అప్పుడు, ఏటనుకున్నావ్!

ఆ ఊరి నది మధ్యన డుయోంగ్ దీవిలో ఒక మలాయ్ ముసలాయన, ఓడల వడ్రంగి, ఉండేవోడు. అందరూ టోక్ అనేవోళ్లు, తాత అన్నమాట. ఒక తెల్లదొర ఆయనకి ఓడ కట్టమని సెప్పినాడు. ఇంజన్లు రాకముందు సముద్రాలు దాటినాయి సూడు, మూడు తెరచాపలవి, అలాటిది.

టోక్ దగ్గర కాయితం లేదు, గీత లేదు. మనం ఇల్లు కడితే ముందు గుంజలు పాతుతాం కదా? ఆయన ముందు పలకలే పేర్సినాడు, లోపల పక్కటెముకల్లాటి కర్రలు తరవాత! ఒక కన్ను మూసి సూసేవోడు, అరసేత్తో తడిమేవోడు, అంతే. ఇనప మేకు ఒక్కటీ లేదమ్మా, కర్ర సీలలే. పలకకీ పలకకీ మధ్యన గెలామ్ సెట్టు బెరడు పెట్టి బిగించేవోడు.

కర్ర మా అడితీదే, లెక్క రాయడానికి నాను రోజూ అక్కడికెల్లేవోణ్ణి. నాకు నాలుగు ముక్కలు ఇంగిలీసు వచ్చు కదా, పొగరు. దొరతో అనేసినాను, "సార్, బెరడు నీళ్లాపుతాదేటి? మునిగిపోతాది" అని. ఎందుకన్నానో! ఈ నోటికే మీ నానమ్మ బతికున్నన్నాళ్లూ తిట్టేది.

ఓడ నీళ్లలోకి దించినారు. గంటలో లోపల సీలమండల్లోతు నీళ్లు! దొర మొహం ఎర్రగా కందిపోనాది, "ఈ ఓడ నాకొద్దు" అనేసినాడు. దీవి అంతా సూస్తన్నాది. టోక్ జన్మంతా కట్టిన ఓడల పేరు ఆ నీళ్లలో కలిసిపోయేటట్టున్నాది. నా మాట నిజవైపోనాదని నాకు బయ్యం ఏసింది తల్లీ.

టోక్ ఓడలోకి దిగి ఆ నీళ్లలోనే సతికిలబడినాడు. "కెరాణీ, నువ్వూ రా" అన్నాడు. ఎల్లి పక్కన కూకున్నాను, పేంటు తడిసిపోనాది. నా సెయ్యి అట్టుకుని పలకల సందు మీద పెట్టి, "సబార్ లా, ఓపిక పట్టు. కర్రకి దాహవేసింది, తాగనీ" అన్నాడు.

ఆ రోజు డబ్బాలతో తోడినాం. మర్నాడు సగం నీళ్లే వచ్చినాయి. మూడో నాడు పొద్దున్న దొర దిగి, జేబురుమాలుతో పలకలు తుడిసినాడు. పొడి! కర్రా బెరడూ ఉబ్బి ఒకదాన్నొకటి కరిసేసుకున్నాయి. దొర టోక్‌కి మర్యాదగా టోపీ తీసేసినాడమ్మా, ఓడ తీసుకున్నాడు.

సెమించమని టోక్ కాళ్లట్టుకోబోతే ఎనక్కి తగ్గిపోనాడు. "దొరకి సెప్పేముందు నన్నే అడగొచ్చు కదా" అన్నాడు, అంతే. కొట్టినా బాగుణ్ణు.

నువ్వూ ఆ సైబర్‌జయ ఊళ్లో ఏదో కడతన్నావు కదా, కంప్యూటర్లో... నాకు తెలీదులే. నాలాటి వాగుడుకాయి ఎవడో ఒకడు తగులుతాడు నీకు. నీ పని నీకు తెలిస్తే మాత్రం, టోక్‌లాగ ఆ నీళ్లలోనే కూకో తల్లీ. లెగకు. సల్లగుండు.